పదహారు మందితో సీతంపేట వైపు ఒక్కరోజు కొండ నడక: ఏమేం చూసుకోవాలి?

ఇజీనగరం_నడక
అందరికీ నమస్కారం. మాది విజయనగరంలో పొద్దున్నే నడిచేవాళ్ల జట్టు. డిసెంబరు రెండో ఆదివారం పాలకొండ మీదుగా సీతంపేట వైపు వెళ్లి, ఒక కొండ ఎక్కి, అదే రోజు దిగి వచ్చేయాలనుకుంటున్నాం. మొత్తం పదహారు మంది, వయసు 24 నుంచి 63 దాకా. ఇద్దరికి షుగరు, ఒకరికి బీపీ. దారి రానూపోనూ 9 కి.మీ., ఎక్కాల్సిన ఎత్తు 420 మీటర్లు. పైన కొట్టూ లేదు, బోరింగూ లేదు. సామాన్ల జాబితా కోసం ఇంటర్నెట్టులో వెతికితే హిమాలయాలకి పోయేవాళ్ల జాబితాలే వస్తున్నాయి. నీళ్లెన్ని, తిండేంటి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

తోటపల్లి_మాస్టారు
సామాన్ల సంగతి తర్వాత బాబూ, ముందు గడియారం చూసుకోండి. డిసెంబరు మొదట్లో మన వైపు సాయంత్రం 5.20 అయ్యేసరికి పొద్దు గూకిపోతుంది. చెట్ల కింద, కొండ నీడలో ఇంకో అరగంట ముందే చీకటి పడినట్టుంటుంది.

1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది. గంటకి 5 కి.మీ., ఆపైన ఎక్కే ప్రతి 100 మీటర్లకి మరో 10 నిమిషాలు. అది బలంగా నడిచేవాళ్లకి, మంచి దారికి. మన రాళ్లూ తుప్పల బాటలకి గంటకి 4 కి.మీ. వేసుకోండి. ఎక్కుడు 4.5 కి.మీ.కి గంటా ఎనిమిది నిమిషాలు, 420 మీటర్ల ఎత్తుకి 42 నిమిషాలు, వెరసి గంటా యాభై. పదహారు మందిలో అందరూ ఒక్కలా నడవరు కాబట్టి దీన్ని ఒకటిన్నరతో హెచ్చవేయండి. రెండుంముప్పావు గంటలు. దిగడానికి అదే పద్ధతిలో గంటా నలభై అని వస్తుంది గానీ, గులకరాళ్ల మీద దిగుడు నెమ్మది, రెండు గంటలు పెట్టుకోండి.

అంటే పావు తక్కువ ఎనిమిదికి నడక మొదలెడితే పదిన్నరకి పైన ఉంటారు. విజయనగరం నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి బండి కదలాలి. నాలుగున్నరకి రమ్మంటే ఐదింటికి వస్తారు గనక నాలుగింటికి రమ్మనండి, అది మీకు తెలియనిదేం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం "వెనక్కి తిరిగే వేళ". దాన్ని ముందే గీత గీసి పెట్టుకోవాలి. మీ లెక్కకి మధ్యాహ్నం 12.30. శిఖరం ఇంకో పావుగంట దూరంలో కనిపిస్తున్నా సరే, 12.30 కొట్టిందంటే వెనక్కే. రెండున్నరకి కిందికి దిగుతారు. పొద్దు గూకేలోగా దాదాపు మూడు గంటలు చేతిలో ఉంటాయి. ఆ మూడు గంటలు ఫొటోలకి కాదు. ఒకరి మడమ బెణికితే వాళ్లని దింపుకోడానికి పట్టే వేళ అది.

బొబ్బిలి_బాట
మాస్టారి లెక్కకి ఒక చిన్న చేర్పు. నడక మొదలైన గంటకి ఎంత దూరం వచ్చారో ఫోన్లో చూడండి. కిలోమీటరు కూడా దాటలేదంటే ఆ రోజు శిఖరం మీది కాదు. ఆ మాట అక్కడే చెప్పేయాలి. 11 గంటలకి చెబితే గొడవ.

గెడ్డదారి
అనుమతి విషయం. సీతంపేట 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇప్పటికీ శ్రీకాకుళం ఆఫీసులకి ఫోన్లు చేసి కూర్చునేవాళ్లున్నారు. మీ కొండ రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ రేంజి ఆఫీసులో ముందే అడగాలి. కనీసం పది రోజుల ముందు కాగితం పెట్టండి. తేదీ, మంది, బండి నంబరు, ఎక్కే దారి, దిగే వేళ రాసి ఇవ్వండి. అదే కాగితం నకలు దగ్గర్లోని పోలీసు స్టేషనులో ఇవ్వండి. అది ఆంధ్రా ఒడిశా సరిహద్దు ప్రాంతం, కొత్తవాళ్లు గుంపుగా అడవిలో కనిపిస్తే అడుగుతారు. అడిగేలోపు మనమే చెప్పడం మర్యాద.

కొండ మొదట్లో ఉన్న సవర, జాతాపు గిరిజనుల ఊళ్లలో పెద్దల్ని అడిగి ఇద్దర్ని దారి చూపడానికి తీసుకెళ్లండి. ఒక్కర్ని కాదు. ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. జట్టులో ఎవరికైనా బాగోకపోతే ఒకరు వాళ్లతో దిగిపోవచ్చు. రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకుని నగదు చేతికివ్వండి. సిగ్నలు లేని చోట ఫోన్‌పే చూపించి "తర్వాత కొడతాను" అనకండి.

ఇంకోటి. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు కురుపాం, కొమరాడ, పార్వతీపురం చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటాయి. బయల్దేరే ముందురోజు సాయంత్రం మళ్లీ అటవీ సిబ్బందికి ఫోన్ చేసి గుంపు ఎటుందో కనుక్కోండి. వారం కిందటి కబురు పనికిరాదు.

కొండగాలి
ఉద్దానం వైపు, అంటే మందస, పలాస, వజ్రపుకొత్తూరు దిక్కు, ఏనుగు కన్నా ఎలుగు భయం ఎక్కువ. జీడితోటల్లోకి కూడా వస్తుంది. తెల్లారకుండా, పొద్దు గూకాక తోటల్లోంచి నడవొద్దు. మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుకుంటూ పొండి. మనిషి అలికిడి ముందే వింటే అది తప్పుకుంటుంది, ఎదురుగా ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. కనబడితే పరిగెత్తకండి, అందరూ ఒక్కచోట చేరి, ముఖం అటే ఉంచి వెనక్కి జరగండి.

ఇజీనగరం_నడక
గెడ్డదారి గారూ, ధన్యవాదాలండి. ఈ రోజే కాగితం రాస్తాం. ఇంకో అనుమానం. మావాళ్లంతా రోజూ అయోధ్యా మైదానం చుట్టూ ఐదారు కిలోమీటర్లు నడిచేవాళ్లే. విడిగా సాధన కావాలా?

నాగావళి_గట్టు
కావాలి. చదును మీద ఆరు కిలోమీటర్లు నడిచే గుండెకి కొండ ఎక్కడం కొత్త కాకపోవచ్చు గానీ, దిగడం మాత్రం తొడలకి పూర్తిగా కొత్త పని. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ బరువు ఆపుతుంది. అలవాటు లేని కండరం సగం దారిలో వణకడం మొదలెడుతుంది. మోకాలు పట్టుదప్పేది, మడమ మడతపడేది అప్పుడే. జారిపడేవాళ్లు ఎక్కువగా పడేది ఎక్కేటప్పుడు కాదు.

420 మీటర్లంటే మూడు మీటర్ల అంతస్తులు 140. భయపడకండి, ఒక్కరోజులో కాదు. మొదటి వారం మూడు రోజులు, రోజుకి 15 అంతస్తులు ఎక్కి దిగండి. లిఫ్టులో దిగితే లెక్కలోకి రాదు. రెండో వారం 25. మూడో వారం 35, వీపున సంచిలో రెండు రెండు లీటర్ల సీసాలు పెట్టుకుని. నాలుగో వారం తగ్గించేయండి, ఆఖరి మూడు రోజులు మామూలు నడకే.

మధ్యలో ఒక ఆదివారం రామతీర్థం పోండి. విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలదాకా ఎక్కి దిగితే ఎవరి బూటు కరుస్తుందో, ఎవరు వెనకబడతారో, ఎవరు లీడరు మాట వినరో అన్నీ తేలిపోతాయి. శ్రీకాకుళం వాళ్లయితే శాలిహుండం. వంశధార ఒడ్డున, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన చోటు. దారి బావుంటుంది గనక అది సాధనకి మరీ తేలిక, కానీ ముసలివాళ్లని మొదటిసారి తీసుకెళ్లడానికి అంతకన్నా మంచిది లేదు.

వంశధార_అల
మనవాళ్లు రెండో నడకకే మహేంద్రగిరి అంటారు. దాని ఎత్తు 1,501 మీటర్లు, ఉన్నది ఒడిశా గజపతి జిల్లాలో, అడగాల్సింది కూడా అక్కడి అటవీశాఖనే. శివరాత్రికి జనం పోతారు కదా అని మామూలు రోజుల్లో కూడా అదే అనుకోవద్దు. జాతరనాడు దారి పొడుగునా మనుషులుంటారు, నీళ్లుంటాయి. మిగతా రోజుల్లో అవేవీ ఉండవు.

చంపావతి
బూట్ల గురించి ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను, ఎందుకంటే పది మందిలో ఇద్దరి నడక పాడయ్యేది వీటివల్లే.

కొత్త బూట్లు కొనేదుంటే సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేసుకునే మేజోళ్లతోనే వేసి చూడండి. కొట్టులో మెట్టు మీద నిలబడి కిందికి వాలితే బొటనవేలు ముందు గోడకి తగలకూడదు. తగిలిందంటే రెండు గంటల దిగుడులో గోరు నల్లబడిపోతుంది. వేసుకున్నాక కనీసం ముప్ఫై కిలోమీటర్లు ఊళ్లో నడిచాకే కొండకి.

పాత బూట్లయితే ఇంకా జాగ్రత్త. అటక మీద నాలుగైదేళ్లు పడున్న బూటు పైకి కొత్తదిలాగే ఉంటుంది. అడుగుకీ పైభాగానికీ మధ్య ఉండే మెత్తటి పొర పాలీయురేథేన్‌ది అయితే, గాలిలో తేమని పీల్చుకుని లోపల్లోపలే విరిగిపోతుంది. మన సముద్రపు గాలికి ఇంకా తొందరగా. కొండ మీద మూడో కిలోమీటరులో అడుగు మొత్తం ఊడి చేతికొస్తుంది. ఇంట్లోనే బూటుని రెండుగా మడిచి, ఆ పొర మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. పొడిపొడిగా రాలినా, పగుళ్లు తేలినా పక్కన పెట్టేయండి. అతికించినా నిలవదు, ఎందుకంటే చెడింది జిగురు కాదు, పొరే. జట్టు సంచిలో ఆరు నైలాను జిప్ టైలు, కొంచెం వెడల్పు టేపు ఉంచండి. ఊడిన అడుగుని బూటు చుట్టూ కట్టుకుని కిందికి రావచ్చు.

దిగే ముందు అందరూ కూర్చుని బూటు తాడు మళ్లీ కట్టుకోవాలి. మడమని బూటు వెనక్కి రెండుసార్లు నేలకేసి తన్ని సర్దండి. వేళ్ల దగ్గర వదులు, చీలమండ దగ్గర బిగువు. పైన అదనంగా ఒక రంధ్రం ఉంటుంది, చాలామంది వాడరు. తాడుని అదే వైపు పై రంధ్రంలోకి బయటి నుంచి దూర్చితే చిన్న ఉచ్చులా అవుతుంది. రెండు వైపులా అలా చేసి, కుడి తాడుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ తాడుని కుడి ఉచ్చులోంచి లాగి కిందికి బిగించి ముడెయ్యండి. మడమ లేవదు, పాదం ముందుకి జారదు. రెండు నిమిషాల పని.

కొండగాలి
జీన్సు వద్దని కూడా రాయండి. తడిస్తే బరువు, ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. పలచటి నైలాను లేదా పాలిస్టరు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. చుడీదార్ల వాళ్లు చున్నీ సంచిలో పెట్టుకోవాలి, తుప్పలు లాగేస్తాయి.

బొబ్బిలి_బాట
నీళ్లు: మనిషికి రెండు లీటర్లు చాలు. దారిలో గెడ్డ (కొండవాగు) ఉంటుంది కదా, నింపుకోవచ్చు. ఊరికే మోయడం దేనికి?

మందుల_పెట్టె
బొబ్బిలి గారూ, దీనికి మాత్రం ఒప్పుకోను. చలికాలంలో కూడా ఎక్కేటప్పుడు గంటకి అర లీటరు పోతుంది. ఆరు గంటలకి మూడు లీటర్లు. పదహారు మందికి 48 లీటర్లు, ఇవి ఎవరివి వాళ్లు మోయాలి. బండిలో విడిగా ఇరవై లీటర్ల టిన్నులు రెండు. డిసెంబరులో గెడ్డ పారుతుందో లేదో పైనుంచి వచ్చినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. పారినా పై ఊళ్లో పశువులు, మనుషులు వాడిన నీళ్లే అవి. తప్పక తాగాల్సి వస్తే గుడ్డతో వడకట్టి, క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగి తాగాలి. ఎన్ని లీటర్లకి ఎన్ని బిళ్లలో పట్టీ మీదే ఉంటుంది. బురద నీళ్లలో నేరుగా బిళ్ల వేస్తే మట్టే క్లోరిన్ని తినేస్తుంది.

ఓఆర్‌ఎస్ గురించి. లీటరుకని రాసున్న పొట్లం లీటరులోనే కలపాలి. చాలామంది అర లీటరు సీసాలో మొత్తం పోసేస్తారు. అప్పుడది చిక్కబడి పేగులోకి ఒంట్లో నీళ్లనే లాగుతుంది, దాహం పెరుగుతుంది, కడుపు తిప్పుతుంది. డబ్బాల్లో దొరికే తియ్యటి పండ్ల రసాలు ఓఆర్‌ఎస్ కావు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకి తలకొట్టిన చెంచా లెక్కన ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకి మించకూడదు.

బొబ్బిలి_బాట
సరే, మూడే. ఒప్పుకున్నాను.

చంపావతి
ఆడవాళ్ల తరఫున ఒక మాట, మగ లీడర్లకి ఎవరూ చెప్పరు గనక. దారిలో వెళ్లడానికి చోటుండదని చాలామంది పొద్దున్నుంచీ నీళ్లు మానేసి వస్తారు. తలనొప్పి, కళ్లు తిరగడం అక్కడి నుంచే మొదలు. పాలకొండలో బస్సు కాంప్లెక్సు దగ్గర పది నిమిషాలు బండి ఆపండి. కొండ మీద గంటన్నరకి ఒకసారి "ఇక్కడ ఆగుదాం" అని లీడరు తనంతట తనే ఆపి, మగవాళ్లని వంద గజాలు ముందుకి పంపేయాలి. ఒక పాత లుంగీ, రెండు బట్టల క్లిప్పులు ఉంటే రెండు తుప్పల మధ్య తెర అయిపోతుంది. కాయితాలు, ప్యాడ్లు గట్టి జిప్పు కవరులో కిందికే తేవాలి. గెడ్డకి అరవై మీటర్లు పైనే దూరంగా వెళ్లాలి.

తోటపల్లి_మాస్టారు
తిండి. రాత్రి వండిన కొబ్బరి పచ్చడి, పెరుగన్నం సంచిలో వద్దు, పదింటికే పులిసిపోతాయి. చింతపండు పులిహోర, నూనె కాస్త ఎక్కువేసి చల్లార్చి కట్టుకుంటే మధ్యాహ్నం దాకా బాగుంటుంది. వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరికి చెమ్మ పట్టి పాడవుతుంది, అది గుర్తుంచుకోండి. పొద్దున్న బండిలో చోడి (రాగి) అంబలి. నడకలో గంటకోసారి గుప్పెడు వేరుశనగ గుళ్లూ బెల్లమూ, లేదా ఒక చిమ్మిలి ఉండ. అరటిపండు సంచి అడుక్కి పోతే జామ్ అయిపోతుంది, పై జేబులో పెట్టుకోండి.

పైన కూర్చుని నిండుగా తినేస్తే దిగుడులో కాళ్లు బరువెక్కుతాయి. పైన సగం, కింద బండి దగ్గర సగం.

మందుల_పెట్టె
షుగరు ఉన్న ఇద్దరి గురించి. వెళ్లేముందు వాళ్ల డాక్టర్నే అడగాలి, ఆ రోజు మాత్ర లేదా ఇన్సులిన్ మోతాదు మార్చాలా అని. నడక షుగరుని దింపుతుంది, మాత్ర కూడా దింపుతుంది, రెండూ కలిస్తే పడిపోతారు. చెమటలు, వణుకు, అకారణంగా విసుక్కోవడం, మాట తడబడడం కనిపిస్తే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకి తగ్గకపోతే మళ్లీ. తేరుకున్నాక ఏదైనా గట్టి తిండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. ఆ చక్కెర పొట్లం వాళ్ల జేబులోనే కాదు, వాళ్ల పక్కన నడిచేవాళ్ల జేబులోనూ ఉండాలి. బీపీకి నీరు పోయే మాత్ర వాడేవాళ్లు కూడా ముందే అడగాలి.

జట్టుకి ఒక్క మందుల సంచి చాలు: 10 సెం.మీ. క్రేప్ బ్యాండేజీలు రెండు, గాజు గుడ్డ, టేపు, పొవిడోన్ అయోడిన్, కత్తెర, పట్టకారు, పారాసెటమాల్, సెటిరిజిన్, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎనిమిది, చేతి తొడుగులు రెండు జతలు. ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలరు వాళ్ల దగ్గరే. మడమ బెణికి, ఇంకా నడవాల్సి ఉంటే బూటు విప్పకండి. విప్పితే వాచి మళ్లీ పట్టదు. బూటు మీదుగానే కట్టు కట్టి నడిపించండి.

పాము కరిస్తే తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఈ మూడూ వద్దు. కరిచిన కాలికి కర్ర కట్టి కదలకుండా ఉంచండి, ఉంగరాలు, పట్టీలు తీసేయండి, మనిషిని నడిపించకండి. కరిచింది ఏ పామో అని దాని వెంట పడొద్దు. పాము విషానికి మందున్న ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందురోజే ఫోన్ చేసి తెలుసుకోండి.

గెడ్డదారి
మోసుకురావడం గురించి. 108 బండి రోడ్డు చివరిదాకే వస్తుంది, అక్కడిదాకా మన పనే. ఏజెన్సీ ఊళ్లలో డోలీ ఎలా కడతారో దారి చూపేవాళ్లని అడిగితే చెబుతారు: పచ్చి వెదురు ఒకటి, గట్టి దుప్పటి ఒకటి, రెండు కొసలూ కర్రకి ముడి. పదేసి నిమిషాలకి భుజాలు మార్చుకోవాలి, కాబట్టి కనీసం ఆరుగురు మోసేవాళ్లు కావాలి. ఏటవాలు బాటలో మూడు కిలోమీటర్లకి మూడు గంటలు కూడా పట్టొచ్చు. మాస్టారు పెట్టమన్న ఆ మూడు గంటలు ఎందుకో అర్థమైంది కదా. జట్టు సంచిలో ఒక గట్టి దుప్పటి తప్పనిసరి.

నాగావళి_గట్టు
దూలగొండి మరిచిపోయారు! డిసెంబరు, జనవరిల్లో కాయ ఎండి ఉంటుంది. చింతకాయలా వంకర తిరిగి, పైన బంగారు రంగు నూగు. గాలికే రాలుతుంది. ఒంటి మీద పడితే మొదటి తప్పు గోకడం, రెండో తప్పు చెమట చేత్తో తుడవడం. నూగు ఇంకా లోపలికి దిగుతుంది. టేపు ముక్క అంటించి లాగండి, కొత్త ముక్కతో మళ్లీ, అలా ఐదారు సార్లు. ఆ తర్వాతే చల్లటి సబ్బు నీళ్లు. ఆ బట్టలు ఇంట్లో విడిగా ఉతకాలి, లేకపోతే పిల్లలకి అంటుకుంటుంది. ముందు నడిచేవాడు తీగ చూస్తే ఆగి, వెనక్కి మాట పంపాలి: "కుడి పక్క దూలగొండి". ఆ మాట ఆఖరి మనిషి దాకా పోయిందో లేదో అడగాలి.

రాతి చరియ కింద తేనెపట్లు కనిపిస్తే ఊపిరి కూడా మెల్లగా పీల్చాలన్నట్టు దాటండి. ఆ రోజు సెంట్లు, వాసన నూనెలు వద్దు. సిగరెట్టు అసలే వద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని, ఎటు ఖాళీ ఉంటే అటు దూరంగా పోవాలి, చేతులు ఊపకూడదు. కుట్టిన ముల్లు గోరుతో వెంటనే గీకేయండి. నిమిషాలు గడిచే కొద్దీ విషం దిగుతూనే ఉంటుంది. ఊపిరాడకపోయినా, నాలుక వాచినా, పది కుట్లు దాటినా ఆసుపత్రే.

మందుల_పెట్టె
దానికి తోడు: గడ్డిలో నేరుగా పడుకోవద్దు, గుడ్డ పరుచుకోండి. ఇంటికొచ్చాక వేసుకున్నవన్నీ వేడి నీళ్లలో ఉతికి, స్నానం చేసి చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక పురుగులేమైనా అంటుకున్నాయేమో వెతుక్కోండి. వారం నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తే "ఏజెన్సీకి వెళ్లొచ్చాను" అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. మలేరియాతో పాటు స్క్రబ్ టైఫస్ (గడ్డిలో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కూడా చూస్తారు. కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు ఒకటి ఒంటి మీద ఉంటే అది చూపించండి. నొప్పి ఉండదు గనక చాలామంది గమనించరు.

బొబ్బిలి_బాట
వరుస ఎలా ఉండాలో చెప్పనా. దారి చూపే మనిషి ముందు, వెనకే లీడరు, ఆ వెనకే అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు. చురుకైన కుర్రాళ్లు వెనక. వాళ్లు గింజుకుంటారు, గింజుకోనివ్వండి. నెమ్మదైనవాళ్లు చివర ఉంటే ముందువాళ్లు కూర్చుని సేదతీరి, వీళ్లు చేరగానే లేస్తారు. వీళ్లకి ఒక్క విశ్రాంతీ దొరకదు. ఆఖర్న నిలకడైన మనిషి ఒకరు, వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. బాట చీలిన ప్రతి చోటా ముందున్నవాళ్లు ఆఖరి మనిషి కళ్లబడేదాకా ఆగాలి. లెక్కపెట్టేది తలల్ని చూసి కాదు, ఒకటి నుంచి పదహారు దాకా ఎవరి అంకె వాళ్లు అరవాలి. పక్కన నడిచేవాళ్లతో మాట్లాడలేనంత ఆయాసం వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే.

అందరి మెడలోనూ ఈల. ఆపదకి నిమిషంలో ఆరుసార్లు, నిమిషం ఆగి మళ్లీ ఆరు. విన్నవాళ్లు నిమిషంలో మూడుసార్లు బదులివ్వాలి. ఊరికే ఊదితే ఈల లాగేసుకోండి.

కొండగాలి
ఫోన్ విమానం మోడ్‌లో పెట్టండి. సిగ్నలు లేని చోట టవరు కోసం వెతుకుతూనే బ్యాటరీ సగం అయిపోతుంది. మ్యాపు ముందే దింపుకోండి, ఇద్దరి ఫోన్లలో. మాట కలవని చోట ఒక్కోసారి మెసేజి పోతుంది, ఉన్న చోటు అంకెలతో సహా రాసి పంపి, 112కి ప్రయత్నిస్తూ ఉండండి.

వాతావరణం: అక్టోబరు 12, 2014 హుద్‌హుద్, అక్టోబరు 11, 2018 తిత్లీ, మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. డిసెంబరులోనూ బంగాళాఖాతంలో అల్పపీడనం పడుతుంది. రెండు రోజుల ముందు వాతావరణ కేంద్రం హెచ్చరిక ఉంటే వాయిదా, చర్చ లేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై లెక్కపెట్టేలోపే ఉరిమితే శిఖరం, ఒంటి చెట్టు వదిలి దిగండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ నడక. గెడ్డ నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే పైన వాన పడిందని. మోకాలి దాకా వచ్చిందంటే దాటొద్దు, ఒడ్డున కూర్చోండి. మామూలుగా దాటేటప్పుడు కూడా బూట్లు విప్పొద్దు, సంచి నడుము పట్టీ మాత్రం విప్పేయండి.

ఇజీనగరం_నడక
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. వాట్సాప్‌లో పెట్టబోయే కాగితం ఇది, తప్పులుంటే చెప్పండి:

వేకువన 4.00కి చేరిక, 4.30కి బండి. పాలకొండలో 10 నిమిషాల ఆగుడు. 7.45కి నడక. 8.45కి దూరం చూసుకోవడం. 10.30కి పైన. 12.30కి ఎక్కడున్నా వెనక్కి. 2.30కి బండి. మనిషికి మూడు లీటర్లు, పులిహోర, చిమ్మిలి ఉండలు నాలుగు, ఈల, టార్చి, టోపీ, సొంత మందులు, 500 రూపాయల చిల్లర. జట్టు సంచి: మందులు, దుప్పటి, టేపు, జిప్ టైలు. లీడరు, ఆఖరి మనిషి, దారి చూపే ఇద్దరి పేర్లు. రామతీర్థం సాధనకి రానివాళ్లు సీతంపేటకి రాకూడదు. రెండు కాపీలు: ఒకటి రేంజి ఆఫీసులో, ఒకటి విజయనగరంలో ఇంటి దగ్గర ఉండే ఒకరికి.

తోటపల్లి_మాస్టారు
బాగుంది. ఇంటి దగ్గర ఉండేవాళ్లకి ఒక వేళ చెప్పండి: సాయంత్రం 5 లోపు మీ నుంచి ఫోన్ రాకపోతే వాళ్లు ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లు రాసివ్వండి. వేళ చెప్పకపోతే రాత్రి పదిదాకా "వచ్చేస్తారులే" అని కూర్చుంటారు.

గెడ్డదారి
బండి డ్రైవరు నంబరు ఏదీ? బండి దిగాక ఆయన టీకి ఊళ్లోకి పోతాడు, తాళం ఆయన దగ్గరే ఉంటుంది, మీ మిగతా నీళ్లూ సగం భోజనమూ బండిలో ఉంటాయి. నంబరు కాగితం మీద రాయండి, ఒంటిగంట నుంచి బండి వదిలి పోవద్దని ముందే చెప్పండి. ఆయన భోజనం కూడా మీరే కట్టుకెళ్లండి. అప్పుడు పులిహోర పదిహేడు పొట్లాలు, దారి చూపే ఇద్దరితో కలిపి పంతొమ్మిది.

ఇజీనగరం_నడక
పంతొమ్మిది. రాసుకున్నాను.